దుబాసీ పెట్టె

ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట పేరు భూగర్భశాస్త్రం చదివినవారికి చిరపరిచితం. శాస్త్రగ్రంథాలలో బెరైటీస్ అని పిలిచే ఖనిజాన్ని ఇక్కడివారు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి ఈ ఊరి నేలలో ఉంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైన ఈ రాతిని మెత్తగా పిండిచేసి, చమురుబావులు తవ్వేటప్పుడు బావిలో నింపే బురదలో కలుపుతారు. భూమి లోపలినుండి ఎగదన్నే చమురును, వాయువును ఆ బురద బరువే అదిమి ఉంచుతుంది. అందువల్ల మంగంపేట రాయి గల్ఫ్ దేశాలకు ప్రయాణమైంది. ఈ ప్రాంతపు మనుషులు కూడా బతుకుతెరువు కోసం అదే దారి పట్టారు. రాజంపేట, కోడూరు ప్రాంతాలలో కువైట్‌తో చుట్టరికం లేని వీధి అరుదు.

అటువంటి ఇంటినొకదానిని ఊహించుకుందాం. తండ్రి గనిలో పనిచేసి విరమించినవాడు. తల్లికి వినికిడి తగ్గింది. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నది. కొడుకు సెలవుమీద వచ్చినప్పుడు వరండాలోను, మెట్ల దగ్గర రంగులు మార్చగల దీపాలు పెట్టించి, వాకిట కెమెరా బిగించి వెళ్లాడు. కూతురు మరొక సంస్థ తయారుచేసిన పరికరాన్ని తెచ్చి, మిద్దెమీది ట్యాంకులో నీటిమట్టాన్ని బట్టి బోరుమోటారు తనంతట తానే నడిచే ఏర్పాటు చేయించింది. రెండూ మంచి పరికరాలే. తల్లి సెల్‌ఫోనులో ఇప్పుడు రెండు యాప్‌లు ఉన్నాయి.

ఆమె అవసరం చాలా చిన్నది. వేసవిలో బోరు మధ్యలోనే వట్టిపోతుంది. అప్పుడు మోటారు ఆగుతుంది. ఆ సంగతి ఫోను చప్పుడు చేసి చెబుతుంది కాని, ఆ చప్పుడు ఆమెకు వినబడదు. ట్యాంకు ఖాళీ అయి కుళాయి చుక్క రాల్చనప్పుడుగాని తెలియదు. "అమ్మా, నీళ్లెక్కినాయా?" అని కొడుకు అడిగినప్పుడల్లా ఆమె మోకాళ్ల నొప్పితో మిద్దె ఎక్కి చూసి రావాలి. ట్యాంకు నిండితే వరండా దీపం నీలంగా, బోరు వట్టిపోతే ఎర్రగా వెలిగితే చాలు. నీళ్ల ట్యాంకరుకు వేళకు కబురుచేయవచ్చు. దీపానికి రంగు మారే శక్తి ఉంది. ట్యాంకు పరికరానికి నీళ్ల సంగతి తెలుసు. ఒకే పైకప్పు కింద ఉన్న ఈ రెండూ పదిగజాల దూరంలో ఉండి కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఎందువల్ల? మాట్లాడుకొనేటట్లు చేయడం ఎలా? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే.

ఇంటి పనులను యంత్రాలకు అప్పగించడం కొత్త ఆలోచన కాదు. నీళ్లు పైకి రాగానే తేలుతూ లేచి గొట్టాన్ని మూసివేసే ట్యాంకులోని తేలుడు బంతి, చల్లదనం చాలినంత రాగానే ఆగిపోయే ఫ్రిజ్ ఇటువంటివే. వీటన్నిటిలోను మూడు అంగాలు ఉంటాయి. గమనించేది ఒకటి, నిర్ణయించేది ఒకటి, ఆచరించేది ఒకటి. తేలుడు బంతిలో ఈ మూడూ ఒకే ముక్కలో ఇమిడి ఉన్నాయి. నేటి పరికరాలలో అవి విడిపోయాయి. ట్యాంకులోని సెన్సరు గమనిస్తుంది, కంట్రోలరు నిర్ణయిస్తుంది, రిలే మోటారును నడుపుతుంది. విడిపోయినవాటి నడుమ కబుర్లు నడవాలి. కబుర్లు నడవాలంటే భాష కావాలి. చిక్కు అక్కడే మొదలైంది.

ఈ భాషలో పొరలు ఉన్నాయి. మొట్టమొదటిది శబ్దపు పొర, అంటే రేడియో తరంగాలు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడుతుంది. దీపాలలో తరచుగా కనిపించే జిగ్‌బీ పద్ధతి కూడా అవే తరంగాలను వాడుతుంది. అయినా ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. ఒకే సంతలో ఒకే గాలిలో తెలుగు, ఉర్దూ, తమిళం వినిపించినంత మాత్రాన అన్నీ అందరికీ తెలిసినట్లు కాదు కదా. జెడ్‌వేవ్ అనే మరొక పద్ధతి భారతదేశంలో 865 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని వాడుతుంది. దాని గొంతు మిగిలినవాటికి చెవిన కూడా పడదు.

రెండవది పదాల పొర. తరంగాలు కలిసినా మాటలు కలవాలి. ఒక సంస్థ దీపపు వెలుగును 0 నుండి 100 వరకు కొలుస్తుంది. జిగ్‌బీ పద్ధతిలో ఆ కొలత 0 నుండి 254 వరకు ఉంటుంది. ఒకరు నీటిమట్టాన్ని శాతాలలో చెబితే, మరొకరు ట్యాంకు మూతనుండి నీటి దాకా ఉన్న దూరాన్ని సెంటీమీటర్లలో చెబుతారు. మొదటి లెక్కలో అంకె పెరిగితే నీళ్లు పెరిగినట్లు. రెండవ లెక్కలో అంకె పెరిగితే నీళ్లు తగ్గినట్లు. ఈ తేడా గమనించక రెండింటినీ కలిపితే, నిండిన ట్యాంకుకు మోటారు నడుస్తుంది, ఎండిన ట్యాంకుకు ఆగుతుంది.

మూడవది అధికారపు పొర. ఎవరి మాట చెల్లాలి అన్నది అక్కడ తేలాలి. చాలామంది మొదటి రెండు పొరలను దాటగానే పని ముగిసిందనుకుంటారు. అసలు ప్రమాదాలు మూడవదానిలోనే ఉన్నాయి. దానిని కొంత తరువాత విపులంగా చూద్దాం.

ఇన్ని భాషలు ఎందుకు పుట్టాయన్నది సహజమైన సందేహం. 1975లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ పట్టణంలో పైకో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఎక్స్-10 అనే పద్ధతిని కనిపెట్టింది. ఇంటిలో అప్పటికే ఉన్న కరెంటు తీగలమీదుగానే సంకేతాలు పంపడం దాని విశేషం. 16 ఇంటి గుర్తులు, ఒక్కొక్కదానికి 16 పరికరాలు, మొత్తం 256 చిరునామాలు. ఆ తరువాత ప్రతి సంస్థా తన సొంత పద్ధతిని తెచ్చింది. కొన్ని సాంకేతిక కారణాలున్న మాట నిజమే. బ్యాటరీతో ఏండ్ల తరబడి పనిచేయవలసిన చిన్న సెన్సరుకు, చిత్రాలు పంపవలసిన కెమెరాకు ఒకే పద్ధతి నప్పదు. అయితే అంతా సాంకేతికమే అనుకోవడం అమాయకత్వం. ఒక సంస్థ దీపం కొన్నవాడు స్విచ్చు కూడా ఆ సంస్థదే కొనేటట్లు చేయడం వ్యాపారపు ఎత్తుగడ. ఐరోపాలో ఇటువంటి మూడు పద్ధతులవారు కొంతకాలం ఎవరి దారిన వారు నడిచి, చివరకు 1999లో కొనెక్స్ అనే ఒకే సంఘంగా ఏర్పడ్డారు. కేఎన్ఎక్స్ ప్రమాణం దాని ఫలితమే.

భాషలు కలవని ఇద్దరి మధ్య పని నడవడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయాలే యంత్రాలకూ పనికివచ్చాయి. 1800లో నిజాం నవాబు ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. వచ్చిన దొరలకు రైతు మాట తెలియదు, రైతుకు దొర మాట తెలియదు. నడుమ దుబాసీ నిలిచాడు. ద్విభాషి అన్న సంస్కృత పదమే వాడుకలో దుబాసీ అయింది. దుబాసీ చెప్పినదే దొరకు రైతు మాట, దుబాసీ చెప్పినదే రైతుకు దొర ఆజ్ఞ. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మరొక దారి తొక్కాడు. ఆయన తెలుగును తానే అభ్యసించాడు, పండితులను చేరదీసి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు, 1850వ దశకంలో నిఘంటువులు వెలువరించాడు. నిఘంటువు అంటే ఈ మాటకు ఆ మాట అని చూపే పట్టిక. రెండు పరికరాల పద్ధతులను కలిపే ప్రోగ్రాములో కూడా హృదయభాగం అటువంటి పట్టికే. యాభై శాతం వెలుగు అన్న మాటకు అవతలి భాషలో 127 అని ఒక వరుస, బోరు వట్టిపోయింది అన్న మాటకు ఎర్రరంగు అని మరొక వరుస.

అయితే భాష అవసరమే లేని కలయిక ఒకటి ఉంది. రాయలసీమ రైతులకు అది బాగా తెలిసినదే. వ్యవసాయపు కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజులలో రైతు చేతిలో లైటు పట్టుకొని బోరు దగ్గరకు నడిచి వెళ్లవలసి వచ్చేది. చీకటిలో పాముకాటుకు, తడి చేతితో స్టార్టరు ముట్టుకొని విద్యుదాఘాతానికి బలి అయినవారి వార్తలు పత్రికలలో తరచుగా కనబడేవి. దానికి విరుగుడుగా సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు పెట్టెలు వచ్చాయి. పూనాకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్‌కు 2009లో నోకియా సంస్థ నిర్వహించిన పోటీలో బహుమతి లభించింది. బెంగళూరులో తయారైన కిసాన్ రాజా కూడా ఈ కోవలోనిదే. రైతు ఇంటినుండే ఆ పెట్టెలోని సిమ్ము నంబరుకు ఫోను చేస్తే మోటారు నడుస్తుంది.

ఇక్కడ కలిసినవి సెల్‌ఫోను వ్యవస్థ, మోటారు స్టార్టరు. ఒకదానికొకటి ఏ పోలికా లేనివి. స్టార్టరుకు ఏ భాషా రాదు. దానికి తెలిసినవి రెండే బొత్తాలు. పచ్చబొత్తాం నొక్కితే తీగలు కలుస్తాయి, ఎర్రబొత్తాం నొక్కితే విడిపోతాయి. ఫోను పెట్టెలోని ఒక రిలేను పచ్చబొత్తాంతో సమాంతరంగా కలుపుతారు. అది ఒక క్షణం మూసుకొంటే బొత్తాం నొక్కినట్లే. మరొక రిలేను ఎర్రబొత్తాంతో శ్రేణిలో కలుపుతారు. అది ఒక క్షణం తెరచుకొంటే ఆపినట్లే. భౌతికశాస్త్రంలో చదివిన శ్రేణి, సమాంతర సంధానాలు ఇక్కడ అక్షరాలా కనిపిస్తాయి. ఏ సంస్థ మూతపడినా, ఏ ప్రోగ్రాము మారినా ఈ కలయిక చెడిపోదు. ఊరి ఎలక్ట్రీషియను దీనిని చూడగానే గ్రహించగలడు, బాగుచేయగలడు. నా దృష్టిలో ఇంతకంటె గట్టి పద్ధతి మరొకటి లేదు. అయితే త్రీఫేజు స్టార్టరులో 415 వోల్టులు ఉంటాయి గనుక ఈ పనిని తెలిసినవారే చేయాలి. దీనికొక పరిమితి కూడా ఉంది. ఒక జత తీగ అవును, కాదు అన్న రెండు మాటలు మాత్రమే చెప్పగలదు. ట్యాంకులో ముప్పాతిక వంతు నీళ్లున్నాయని చెప్పలేదు.

రెండవ మార్గం రెండు సంస్థల కంప్యూటర్లను కలపడం. మన ఇంటి ట్యాంకు పరికరం తన కబురును అంతర్జాలం ద్వారా ఎక్కడో దూరదేశంలో ఉన్న తన సంస్థ కంప్యూటరుకు పంపుతుంది. అది దీపాల సంస్థ కంప్యూటరుకు చెబుతుంది. అక్కడినుండి ఆజ్ఞ సముద్రాలు దాటి మంగంపేటకు తిరిగివచ్చి వరండా దీపాన్ని వెలిగిస్తుంది. పదిగజాల దూరానికి వేల మైళ్ల ప్రయాణం. రెండు యాప్‌లలో నాలుగు బొత్తాలు నొక్కితే ఏర్పాటు పూర్తవుతుంది కాబట్టి చాలామంది దీనినే ఎంచుకొంటారు. గాలివానకు కేబులు తెగితే మాత్రం దీపం మూగపోతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. అమెరికాలో రివాల్వ్ అనే సంస్థ ఇటువంటి కలిపే పెట్టెలను అమ్మింది. ఆ సంస్థను నెస్ట్ కొన్నది. 2016 మే నెలలో రివాల్వ్ కంప్యూటర్లను ఆపివేయగానే డబ్బుపెట్టి కొన్నవారి ఇళ్లలోని పెట్టెలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. పెట్టెలో ఏ లోపమూ లేదు. దాని తరపున మాట్లాడవలసిన దుబాసీ దూరదేశంలో ఉద్యోగం మానుకొన్నాడు, అంతే.

కాబట్టి దుబాసీని ఇంటిలోనే ఉంచుకోవడం మేలు. అది మూడవ మార్గం. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరును ఇంటిలో ఒక మూల పెట్టి, అనేక సంస్థల భాషలు తెలిసిన ప్రోగ్రామును అందులో నడుపుతారు. జర్మనీకి చెందిన కై క్రూట్జర్ 2010లో ప్రారంభించిన ఓపెన్‌హాబ్, పౌలస్ స్హౌట్సెన్ 2013లో ప్రారంభించిన హోమ్ అసిస్టెంట్ ఇందుకు ప్రసిద్ధమైనవి. వీటిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి అమరికను చదివి మార్చుకోవచ్చు. ఒక సంస్థ తన పరికరపు భాషను బయటపెట్టకపోయినా, ఓపికగల వారెవరో దానిని విని విని నేర్చుకొని ఈ ప్రోగ్రాములకు జోడిస్తూ ఉంటారు. బ్రౌను చేసిన పనికి ఇది ఈనాటి రూపం.

ఇంటిలోపలి కబుర్లకు ఎమ్‌క్యూటీటీ అనే పద్ధతి విస్తారంగా వాడుకలో ఉంది. దాని పుట్టుక మంగంపేటకు పరోక్షంగా దగ్గరిది. 1999లో ఐబీఎమ్ ఇంజినీరు ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే మరొక ఇంజినీరు కలిసి దీనిని రూపొందించారు. మనుషులు లేని చోట్ల పరచిన చమురు గొట్టాలలోని ఒత్తిడిని, ప్రవాహాన్ని ఉపగ్రహం ద్వారా కనిపెట్టి ఉండడం వారి అవసరం. ఉపగ్రహపు కాలం ఖరీదైనది కనుక మాట పొదుపుగా ఉండాలి, లింకు తెగినా మళ్లీ అతుక్కోవాలి. ముగ్గురాయి వెళ్లిన చమురుబావుల లోకంనుండే ఈ పద్ధతి తిరిగి మన ఇళ్లలోకి వచ్చిందన్నమాట.

ఇది పనిచేసే తీరు ఊరి రచ్చబండను పోలి ఉంటుంది. ట్యాంకు సెన్సరు దీపానికి నేరుగా చెప్పదు. "ఇల్లు, మిద్దె, ట్యాంకు, మట్టం" అన్న శీర్షిక కింద "82" అని రచ్చబండ దగ్గర చాటుతుంది. ఆ శీర్షిక పట్ల ఆసక్తి ఉన్నవారు వింటారు. చాటినవాడికి విన్నవాడెవడో తెలియనక్కరలేదు. రేపు దీపం మార్చి గంట పెట్టినా సెన్సరులో ఏ మార్పూ చేయనక్కరలేదు. ఆలస్యంగా వచ్చినవాడి కోసం చివరి చాటింపును అక్కడే అంటించి ఉంచే సౌకర్యం కూడా ఉంది. వీలునామా అనదగిన ఏర్పాటు మరొకటి ఉంది. పరికరం చేరిన వెంటనే "నేను హఠాత్తుగా మౌనం వహిస్తే నా తరపున ఈ మాట చాటండి" అని రాసి అప్పగిస్తుంది. దాని ప్రయోజనాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. వరండాలో ఎర్రదీపం వెలగలేదంటే బోరులో నీళ్లున్నట్లా, లేక ట్యాంకు పరికరమే చెడిపోయినట్లా? మౌనానికి రెండు అర్థాలు ఉన్నప్పుడు ఆ దీపాన్ని నమ్ముకొన్న ముసలితల్లి మోసపోతుంది. వీలునామా ఉంటే పరికరం పలకని మరుక్షణం కాకపోయినా కొద్దిసేపటిలోనే దీపం పసుపుపచ్చగా మారేటట్లు చేయవచ్చు.

ఇక ముందు చెప్పిన అధికారపు పొర సంగతి. కలిపినవాటి నడుమ తలెత్తే చిక్కులలో ప్రతిధ్వని ఒకటి. ఒకే దీపాన్ని రెండు పద్ధతులలోను కనిపించేటట్లు చేశామనుకొందాం. ఒకచోట వెలుగు మారితే రెండవచోట కూడా మార్చాలని నియమం పెట్టాం. కొడుకు కువైట్‌నుండి వెలుగును 33 శాతానికి తగ్గించాడు. దానిని 254 కొలతలోకి మారిస్తే 83.82 వస్తుంది. ప్రోగ్రాము దశాంశాన్ని కొట్టివేసి 83 అని పంపింది. అవతలివైపు "నా వెలుగు మారింది" అని తిరిగి చెప్పింది. 83ను శాతంలోకి మారిస్తే 32.67; దశాంశం పోగా 32. ఇవతలివైపు "ఓహో, 32కు మారింది" అని మళ్లీ అవతలికి పంపింది. అది 81 అయి, తిరిగి 31 అయింది. ఎవరూ ముట్టుకోకుండానే దీపం మెట్టు మెట్టుగా కుంగి చివరకు ఆరిపోతుంది. ఇంటిలో గాలి చేష్ట ఉందని భయపడేవారూ ఉంటారు. కారణం గణితమే. దశాంశాన్ని కొట్టివేయక దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 33కు 84, 84కు మళ్లీ 33 వస్తుంది, దీపం నిలబడుతుంది. అంతకంటె మంచి విరుగుడు, ప్రతి కబురుకు అది ఎక్కడ పుట్టిందో గుర్తు తగిలించి, తాను పంపిన మాట తనకే తిరిగివస్తే పట్టించుకోకుండా ఉండడం.

దీపం ఆరిపోతే నష్టం లేదు. మోటారు విషయం అలా కాదు. కరవుసీమలో బోరు వేయించడమంటే అప్పు చేయడం. మోటారు కాలిపోవడమంటే మళ్లీ అప్పు చేయడం. నీళ్లు లేని బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు నడిస్తే చల్లబరిచే నీరు లేక వేడెక్కి కాలిపోతుంది. అందుకే మంచి కంట్రోలరులో నీళ్లు తగ్గినప్పుడు మోటారు తీసుకొనే కరెంటు పడిపోవడాన్ని గుర్తించి ఆపే రక్షణ ఉంటుంది. ఆపిన తరువాత నీరు ఊరేందుకు అరగంట వ్యవధి ఇస్తుంది. ఇప్పుడు దుబాసీ పెట్టెలో ఎవరో సదుద్దేశంతోనే ఒక నియమం రాశారు: "ట్యాంకు పావువంతుకు తగ్గి, మోటారు ఆగి ఉంటే, మోటారు వేయాలి." రక్షణ మోటారును ఆపింది. దుబాసీ చూసింది. ట్యాంకు ఖాళీగా ఉంది, మోటారు ఆగి ఉంది, కనుక వేసింది. రక్షణ మళ్లీ ఆపింది. దుబాసీ మళ్లీ వేసింది. మోటారు బయలుదేరే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. నిమిషానికొకసారి అలా లాగితే నీళ్లున్న బోరులోనైనా చుట్లు కాలిపోతాయి. ఇరువైపులా తప్పు లేదు. ఎవరి ధర్మం వారు నెరవేర్చారు. మోటారు మాత్రం పోయింది.

ఇది కేవలం ఊహ కాదు. మన పల్లెలలో దీని పెద్దరూపం ఎన్నో ఏండ్లు కనిపించింది. కరెంటు రాగానే మోటారు తనంతట తానే నడిచేటట్లు రైతులు ఆటోస్టార్టర్లు పెట్టుకొన్నారు. రాత్రి నిద్ర మానుకోలేక చేసిన ఏర్పాటు అది, వారిని తప్పుపట్టలేం. కాని కరెంటు వచ్చిన క్షణాన ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న పది పదిహేను మోటార్లు ఒక్కసారిగా లేచి ఒక్కొక్కటి ఐదారు రెట్ల కరెంటు లాగేసరికి వోల్టేజీ కుంగేది, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. అది మళ్లీ వచ్చేలోగా పైరు ఎండేది. ఆటోస్టార్టర్లు తీసివేయండి, కెపాసిటర్లు పెట్టుకోండి అని విద్యుత్ సంస్థలు పదే పదే చెప్పింది ఇందువల్లనే. నిజానికి ఒక్కొక్క మోటారు కొన్ని నిమిషాల తేడాతో లేచేటట్లు ఒక టైమరు చేర్చినా చాలావరకు ఉపశమనం కలుగుతుంది. పొరుగువాడు లేచాడా లేదా అన్న ఒక్క ముక్క తెలియకపోవడమే అక్కడి జబ్బు.

ఇందువల్ల దుబాసీకి ఆజ్ఞాపించే హక్కు ఇవ్వకూడదు, విన్నవించే హక్కు మాత్రమే ఇవ్వాలి. మోటారు వేయడానికి వీలుందా అన్న తుదినిర్ణయం మోటారుకు అతి సమీపంలో ఉన్న కంట్రోలరుదే కావాలి. దుబాసీ పెట్టె చెడిపోయినా, లింకు తెగినా, అంతర్జాలం లేకపోయినా ఆ రక్షణ నిలబడి ఉండాలి. రెండు ప్రారంభాల నడుమ కనీసపు విరామం ఉండాలి. వేసే మట్టానికి, ఆపే మట్టానికి తగినంత ఎడం కూడా ఉండాలి; పావువంతు దగ్గర వేసి, అక్కడే ఆపుతానంటే నీళ్ల అలకే మోటారు ఊగిసలాడుతుంది.

దుబాసీ అవసరమే లేకుండా పరికరాలన్నీ పుట్టుకతోనే ఉమ్మడి భాష నేర్చుకొని వస్తే బాగుండునన్న ఆలోచన ఎప్పటినుండో ఉన్నదే. 2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, జిగ్‌బీ కూటమి కలిసి ఆ ప్రయత్నం ప్రకటించాయి. అది మ్యాటర్ అన్న పేరుతో 2022 అక్టోబరులో తొలి ప్రమాణంగా వెలువడింది. దాని ప్రకారం తయారైన దీపాన్ని ఒకేసారి రెండు మూడు సంస్థల వ్యవస్థలలో చేర్చవచ్చు. ఇల్లు దాటి ఊరిస్థాయికి వస్తే, 2012లో అనేక దేశాల ప్రమాణ సంస్థలు కలిసి ఏర్పరచిన వన్‌ఎమ్‌టూఎమ్ ఉంది. మన దేశపు టెలికాం శాఖకు చెందిన టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ కేంద్రం దానిని జాతీయ ప్రమాణంగా స్వీకరించింది. హైదరాబాదు గచ్చిబౌలిలోని ఐఐఐటి ప్రాంగణంలో ఉన్న స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ ఈ ప్రమాణం మీదనే నడుస్తున్నది. గాలి నాణ్యత, నీరు, విద్యుత్ వినియోగం, వాతావరణం కొలిచే వేర్వేరు రకాల పరికరాలు అక్కడ ఒకే గూటికి కబుర్లు చేరుస్తాయి. అయినా, నిన్న కొన్న పరికరాలు రేపటి భాష నేర్చుకోవు. మంగంపేట ఇంటిలోని దీపం, ట్యాంకు పరికరం ఇప్పటికే గోడకెక్కాయి. వాటికి దుబాసీ తప్పదు.

కలపడంలో భద్రత సంగతి కూడా ఉంది. రెండు ఇళ్ల నడుమ గోడకు తలుపు పెడితే, బలహీనమైన తాళం ఉన్న ఇంటినుండి దొంగ రెండవ ఇంటిలోకీ వస్తాడు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, తయారీ సమయంలో పెట్టిన సంకేతపదాలను మార్చకుండా వదిలేసిన కెమెరాలలోనికి లక్షల సంఖ్యలో చొరబడి, వాటిచేత పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. కెమెరా సంకేతపదం మార్చకుండా దానిని మోటారుతో కలపడం తగదు. వీధి తలుపు తాళాన్ని ఈ కలయికలో చేర్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మన ఊహాగృహానికి తిరిగివద్దాం. ట్యాంకు కంట్రోలరులో అదనంగా ఒక రిలే ఉందనుకొందాం. బోరు వట్టిపోయినప్పుడు అది మూసుకొంటుంది. ఆ జత తీగను చిన్న పెట్టెకు కలిపారు. నీటిమట్టం మాత్రం వైఫై ద్వారా వస్తుంది. పెట్టెలో ఉన్న నియమాలు నాలుగే. నిండితే నీలం, వట్టిపోతే ఎరుపు, పరికరం పలకకపోతే పసుపు, మిగిలిన వేళలలో మామూలు తెలుపు. మోటారును వేసే నియమం ఒక్కటి కూడా అందులో లేదు. పెట్టెకు, వైఫై యంత్రానికి కలిపి ఒక చిన్న ఇన్వర్టరు ఉంది. నియమాలను ఒక కాగితంమీద తెలుగులో రాసి స్విచ్చుబోర్డు పక్కన అతికించారు, కూతురు ఊరిలో లేనప్పుడు ఎలక్ట్రీషియను వచ్చినా తెలియాలి కదా. ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం అంతర్జాలం పోయింది. కువైట్‌లోని ఫోనుకు ఏ కబురూ చేరలేదు. వరండాలో దీపం ఎర్రగా మారింది. ఆమె దానిని చూసి, మిద్దె ఎక్కకుండానే, నీళ్ల ట్యాంకరుకు కబురు చేయమని భర్తను పిలిచింది.